పాలగిన్నెలో కారు

మా ఇంట్లో పాలు కాచే గిన్నె ఒకటి ఏడాదిగా అటకమీద ఉంది. అందులో మళ్లీ పాలు కాయనని మా ఆవిడ ఒట్టు పెట్టుకుంది. తప్పు గిన్నెది కాదు, నాది. ఒక ఆదివారం పొద్దున ఆవిడ గుడికి వెళ్లిన సమయం చూసి ఆ గిన్నెలో నీళ్లు పోసి, స్టవ్ మీద పెట్టి, అందులో కారు ముక్క ఒకటి వేసి ఉడకబెట్టాను. ఉడకబెట్టి ఊరుకున్నా బాగుండేది. ఉడుకుతున్నదాన్ని కళ్లజోడు సవరించుకుంటూ వంగి చూస్తుండగా ఆవిడ తిరిగి వచ్చింది.

ఈ వారం ఆ గిన్నె కథ చెబుతాను. కారు కొనడం, దానికి డబ్బు పుట్టించడం, సొంత చేతులతో బాగుచేసుకోవడం అన్నీ అందులోనే వస్తాయి. పాత కారు కొనే ఆలోచన ఉన్న పాఠకులకు ఒకటి రెండు సంగతులు పనికి రావచ్చు. తక్కినవారు నా అవస్థ చూసి నవ్వుకోవచ్చు.

మాది ధర్మపురి. నేను తెలుగు చెప్పేది జగిత్యాలలో. రోజూ బస్సు ప్రయాణం. చదివింది సంధులూ సమాసాలూ అయినా నాకు చిన్నప్పటినుంచి పానాల పిచ్చి. మా నాన్నగారి స్కూటరు ప్లగ్గు తీసి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించి, అది ఒక్క తన్నుకు స్టార్టయిన రోజున నేను పొందిన ఆనందం తరవాత ఎమ్మే పట్టా పుచ్చుకున్నప్పుడు కూడా కలగలేదు. మా విద్యార్థులకీ సంగతి తెలుసు. నల్లబల్ల మీద నేను రాస్తుంటే, వెనక బెంచీలోంచి, "సారు గోర్లల్ల గ్రీజుందిరా" అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది.

కారంటే నాకు మారుతి 800. ఇది అభిమానం తప్ప తర్కం కాదు. నేనూ అదీ దాదాపు ఒక ఈడువాళ్లం. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు ఒక కొనుగోలుదారుకు అందాయి. ధర 50 వేల లోపు. అంతకు ముందు మన దేశంలో కారు కొనాలంటే దాదాపుగా అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 796 సీసీల ఈ చిన్న బండి వచ్చి మధ్యతరగతి ఇంటి ముందు నిలబడింది. పొగ నిబంధనలు మారడంతో 2010లో హైదరాబాదు వంటి పెద్ద నగరాల్లో దాని అమ్మకం ఆగిపోయింది. మా వంటి ఊళ్లలో మరికొన్నేళ్లు దొరికింది. 2014 జనవరిలో తయారీయే ఆపేశారు. అదే ఏడు మే నెలలో అంబాసిడర్ ఫ్యాక్టరీ కూడా ఆగింది. ఒకే సంవత్సరంలో తాతా మనవడూ వెళ్లిపోయినట్టయింది.

ఇప్పటి కార్ల బోనెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. దాని కింద ఏముందో చూసే అర్హత మనకు లేదన్నమాట. మారుతి 800 బోనెట్ ఎత్తితే ఇంజను పక్కనుంచి నేల కనిపిస్తుంది. చెయ్యి దూరుతుంది. నాకు కావలసింది అదే.

అయితే డబ్బు? జగిత్యాలలో పాత కార్లు అమ్మిపెట్టే ఒక కుర్రవాణ్ణి కలిశాను. "సార్, 80 వేలు ఫైనాన్స్ ఇప్పిస్త. మూడేండ్లు. నూటికి రూపాయే వడ్డీ" అన్నాడు. మన వైపు వడ్డీని ఏడాదికి ఇంత శాతమని చెప్పరు, నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. వినడానికి ధర్మంగానే ఉంది. కాగితం తీసి లెక్క వేశాను. 80 వేలకు మూడేళ్ల వడ్డీ 28,800. మొత్తం 1,08,800. దాన్ని 36 నెలలకు పంచితే నెలకు 3,022 రూపాయలు.

ఇందులో మడతపేచీ ఎక్కడుందో మా లెక్కల లెక్చరరు చూపించాడు. నెలనెలా వాయిదా కడుతుంటే బాకీ తరిగిపోతుంది గదా. ఏడాదిన్నర గడిచేసరికి అసలులో దాదాపు సగం తీర్చేసి ఉంటాను. కాని వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 80 వేల మీదే వేస్తున్నారు. నా దగ్గర లేని డబ్బుకు నేను వడ్డీ కడుతున్నానన్నమాట. తరిగే బాకీ మీద లెక్క కడితే, ఆ రూపాయి వడ్డీ ఏడాదికి 21 శాతం పైచిలుకు తేలింది. అంటే దాదాపు రూపాయీ ముప్పావలా. కనుక అయ్యలారా, అప్పిచ్చేవాణ్ణి 'వడ్డీ ఎంత?' అని అడిగి ఊరుకోకండి. 'తరిగే బాకీ మీదా, మొదటి బాకీ మీదా?' అని అడగండి. ఆ ప్రశ్న వినగానే మా కుర్రవాడు నన్ను లెక్కల పంతులనుకుని టీ తెప్పించాడు.

చివరకు డబ్బు మా ఆవిడ దగ్గర పుట్టింది. ఆవిడకు లక్ష రూపాయల చిట్టీ ఒకటి ఉంది. 20 మంది, 20 నెలలు. ఆరో నెలలో పాట పాడి, 18 వేలు వదులుకుని, 82 వేలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ వదులుకున్న 18 వేలు వడ్డీ కాక మరేమిటని మీరడగవచ్చు. అడగకండి. ఈ పేజీ ఆవిడ కూడా చదువుతుంది.

బండి కోరుట్ల అవతల ఒక పల్లెలో దొరికింది. రేకుల షెడ్డులో, పాత చీరలు కుట్టి చేసిన ముసుగు కింద, 2012లో రిజిస్టరయిన తెల్లటి మారుతి 800. కరీంనగర్ నాటి ఏపీ 15 నంబరు. తిరిగింది 38 వేల కిలోమీటర్లే. యజమాని డెబ్బయ్యేళ్ల పెద్దాయన.

"నడిచింది తక్కువ సారూ. మా పోరడు దుబాయిల ఉంటడు. రెండేండ్లకొక్కపారి వస్తడు, రెండు నెలలుంటడు. గా రెండు నెలలే తిరుగుతది. మిగిలిన దినాలు గీ షెడ్డుల్నే" అన్నాడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్‌కు ఎవరూ పోని వాడ వెతికి చూడాలి. కొత్త మేడలూ, మేడ ముందు కార్లూ, ఆ కార్ల మీద ముసుగులూ ఆ డబ్బువే. ఇల్లు కట్టినవాడు ఇంట్లో ఉండడు, కారు కొన్నవాడు కారెక్కడు.

"మరి ఎందుకు అమ్ముతున్నవు కాకా?" అన్నాను.

"గక్కడ కంపిని మూతపడ్డది. ఆర్నెల్ల జీతం రాలే. ఇంకో వీసాకు పైసలు కావాలె. ఊర్ల బాకీ మూడు రూపాయల మీద ఉన్నది." ఆయన ఈ మాటలు నాతో అన్నట్టుగా లేదు, కారుతో అన్నట్టుగా ఉంది. అడిగిన ధర 1,20,000.

నడిపి చూశాను. ఎనిమిదో కిలోమీటరులో వేడి చూపించే ముల్లు లేచి ఎర్ర గీత వైపు నడక మొదలుపెట్టింది. పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, బోనెట్ ఎత్తాను. ఇక్కడ ఒక మాట. వేడి మీదున్న రేడియేటర్ మూత ఎన్నడూ తీయకండి. అది ప్రెషర్ కుక్కర్ వంటిది. లోపల ఒత్తిడి ఉండటం వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీశారా, ఆ క్షణమే మరిగి మొహాన కొడతాయి. అరగంట చెట్టుకింద కూర్చోవడంలో నామోషీ లేదు.

చల్లారాక ఇంజన్ ఆయిలు పోసే మూత విప్పి చూశాను. మూత అడుగున మీగడ వంటి తెల్లటి నురగ. ఆ నురగ చూడగానే సగం చదివిన వైద్యుడి వలె నా గుండె ఉప్పొంగింది. ఇంజను బ్లాకుకూ పైనున్న హెడ్డుకూ మధ్య ఒక పలచటి రేకు ఉంటుంది. దాన్ని హెడ్ గ్యాస్కెట్ అంటారు. అది కాలిపోతే నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. మజ్జిగ చిలికినట్టు తెల్లగా అవుతుంది. బాగుచేయాలంటే హెడ్డు దింపాలి. వేలతో పని.

"కోరుట్లల మేస్త్రీ గూడ ఇంజను ఇప్పాలె అన్నడు సారూ" అని పెద్దాయనే అన్నాడు.

ఇంతవరకు నేను చెప్పినదంతా నిజమే. అయితే అక్కడ నేను మరొక పని కూడా చేశాను. ఆయిలు కొలిచే పుల్ల లాగి చూశాను. గ్యాస్కెట్ పోయి ఉంటే పుల్ల మీది ఆయిలు కూడా తెల్లబడాలి. అది నల్లగా, నీటి జాడ లేకుండా ఉంది. పొగగొట్టంలోంచి తెల్ల పొగా లేదు. నెలల తరబడి షెడ్డులో నిలబడి, ఎప్పుడో ఒకసారి కాస్త దూరం తిరిగే బండికి, లోపలి చెమ్మ వల్ల మూత కింద మాత్రం నురగ పట్టడం కద్దు. ఈ సంగతి నాకు తెలుసు. పుల్ల తుడిచి మళ్లీ లోపల పెట్టేశాను. ఆయన చూడలేదు. చూసినా ఆయనకు తెలియదు.

"గ్యాస్కెట్ పోయినట్టుంది కాకా. పెద్ద ఖర్చు" అన్నాను.

అబద్ధమేమీ ఆడలేదు, 'ఉంది' అనలేదు, 'ఉన్నట్టుంది' అన్నాను. తెలుగు ఎమ్మే ఇటువంటి చోట్ల పనికి వస్తుంది. బేరం గంటసేపు సాగింది. 95 వేలకు కుదిరింది. ఆవిడ 82 వేలకు నా పొదుపు 13 వేలు కలిపి లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన కోడలు లోపలినుంచి వచ్చి, కారు అద్దానికి వేలాడుతున్న పిల్లవాడి బొమ్మను విప్పుకుని వెళ్లింది. పెద్దాయన షెడ్డులోని ముసుగు మడతపెట్టి, "ఇగ మాకెందుకు" అని వెనక సీట్లో పెట్టాడు.

దారి పొడుగునా ముల్లు ఎర్ర గీతకు రాకముందే ఆపుతూ, చల్లారనిస్తూ, 50 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని నాలుగు గంటల్లో చేరుకున్నాను. మా వీధి వాళ్లు నేను తోసుకుంటూ వచ్చాననే ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరునాడే ఆదివారం. ఇంజను చల్లదనం ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. ఇంజను చుట్టూ తిరిగిన వేడి నీళ్లు ముందున్న రేడియేటర్‌లోకి పోయి, గాలికి చల్లబడి, తిరిగి వస్తాయి. ఈ దారిలో ఒక ద్వారపాలకుడుంటాడు. పేరు థర్మోస్టాట్. బొటనవేలంత ఇత్తడి డబ్బీ, అందులో మైనం. ఇంజను చల్లగా ఉన్నంతసేపు తలుపు మూసి ఉంటుంది. ఎందుకంటే ఇంజను తొందరగా తగినంత వేడెక్కడం కూడా అవసరమే. వేడి 80 డిగ్రీలు దాటాక మైనం కరిగి, ఉబ్బి, తలుపును నెడుతుంది. నీళ్లు రేడియేటర్‌లోకి పరుగెత్తుతాయి. కరెంటు లేదు, కంప్యూటరు లేదు, ఒక మైనం ముద్ద. ఇంత సుకుమారమైన ఊహ ఎవరికి వచ్చిందో గాని నాకు ప్రబంధ కవులు గుర్తుకొచ్చారు.

కొందరు మేస్త్రీలు దీన్ని పెద్ద పీడగా భావించి, ఊడబెరికి పారేసి, "ఇక వేడి కాదు పో" అంటారు. వేడి కాని మాట నిజమే. కాకపోతే ఇంజను ఎప్పుడూ చలిజ్వరంతో నడుస్తుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుతుంది. తలుపు బిగుసుకుందని ఇంటికి తలుపే లేకుండా చేయడం ఏం పద్ధతి?

ఇంజను స్టార్టు చేసి, ముల్లు సగం దాటాక, పై గొట్టాన్ని గుడ్డతో పట్టుకుని చూశాను. ఇంజను సెగలు కక్కుతుంటే రేడియేటర్‌కు పోయే గొట్టం చల్లగా ఉంది. అంటే తలుపు తెరుచుకోలేదు. ఆపి, బాగా చల్లారాక, రేడియేటర్ కింది నుంచి నీళ్లు వదిలాను. తుప్పు రంగు నీళ్లు. కూలెంట్ వాసన కూడా లేదు; ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశారు. మన నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి ఉప్పు పెచ్చు కడుతుంది చూశారూ, అదే లోపలంతా. రెండు బోల్టులు విప్పితే థర్మోస్టాట్ చేతికి వచ్చింది. తలుపు చుట్టూ పెచ్చు. అది కదిలి ఎన్నేళ్లయిందో.

అయినా అనుమానం తీరాలి గదా. దానికున్న పరీక్ష నీళ్లలో వేసి కాచడమే. నీళ్లు మరిగే లోపు తలుపు తెరుచుకోవాలి. పాలగిన్నె తప్ప ఆ వేళ మరో గిన్నె కడిగి లేదు. నీళ్లు వెచ్చబడ్డాయి, బుడగలు వచ్చాయి, తెర్లాయి. తలుపు ఇసుమంత కూడా కదలలేదు. నేను "ఓహో" అన్నాను. వెనకనుంచి మా ఆవిడ "ఏమిటది?" అంది.

ఆ తరవాతి అరగంట ఇక్కడ అప్రస్తుతం.

మధ్యాహ్నం జగిత్యాల వెళ్లి కొత్తది తెచ్చాను. థర్మోస్టాట్ 340, దాని కింద వేసే కాగితం గ్యాస్కెట్ 30, కూలెంట్ 500. మొత్తం 870 రూపాయలు. కొత్తదాన్ని అదే గిన్నెలో వేస్తే, నీళ్లు మరగకముందే పువ్వు విచ్చినట్టు విచ్చుకుంది. (గిన్నెకు ఎలాగూ సద్గతి కలిగింది కనుక మా ఆవిడ ఈసారి ఊరుకుంది.) రేడియేటర్‌లో నీళ్లు పోసి వదలడం, పోసి వదలడం, తేటనీరు వచ్చేదాకా. తరవాత బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లలో కూలెంట్ కలిపి పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడిపి, మూత బిగించాను. సాయంత్రం రాయపట్నం వంతెన దాకా వెళ్లి గోదావరి చూసి వచ్చాం. ముల్లు సగం దగ్గర కూర్చుంది, బుద్ధిమంతుడి వలె. కదలలేదు.

సొంతంగా పని చేసుకునేవారికి ఒక హద్దు ఉండాలని కూడా ఇక్కడే చెప్పాలి. ఆయిలు మార్చడం, గాలి ఫిల్టరు, ప్లగ్గులు, బ్యాటరీ కొసలు శుభ్రం చేయడం, నేను చేసిన ఈ నీళ్ల పని, ఇవన్నీ ఎవరైనా ఓపికగా నేర్చుకోవచ్చు. ఒక్క జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం తల పెట్టకండి. చక్రం మార్చడానికే జాకీ, కింద దూరడానికి గట్టి స్టాండ్లు వేరే ఉన్నాయి. బ్రేకులు నేను ముట్టుకోను. షార్జాలో పదేళ్లు పనిచేసి వచ్చి మా దగ్గర షెడ్డు పెట్టుకున్న మేస్త్రీ ఒకడున్నాడు, ఆ పని అతనిది. 2018 సెప్టెంబరు 11న మా జిల్లాలోనే కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. ఆ దారిన వెళ్లేవాడెవడూ బ్రేకుల మీద తన చేతివాటం పరీక్షించుకోడు.

సరే, బండి బాగయింది. కాగితాలు మిగిలాయి. పాత బండి కొన్నవాళ్లలో చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో దాచుకుంటారు. ఆ మధ్య అమ్మినవాడి పేరే రిజిస్ట్రేషన్‌లో ఉంటుంది. సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా సరే, రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులు. అంటే నేను రేపెవరినైనా గుద్దితే కోర్టు కాగితం కోరుట్ల అవతలి ఆ రేకుల షెడ్డుకు పోతుంది. రాష్ట్రంలోపలి అమ్మకానికైతే అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి. బీమా పేరు మార్పుకూ కొన్నవాడికి 14 రోజులే.

నా బండికి మరో చిక్కు ఉంది. కొన్నప్పుడు తీసుకున్న ఫైనాన్స్ పేరు రిజిస్ట్రేషన్ కార్డు మీద అలాగే ఉంది. అప్పు తీరి ఏళ్లయింది, కాని కొట్టేయించలేదు. ఫైనాన్స్ వారు సంతకం చేసిన ఫారం 35, వారి ఉత్తరమూ ఉంటేనే అది పోతుంది. ఉత్తరం వచ్చిందనీ, చెదలు తిన్నాయనీ పెద్దాయన ఫోనులో చెప్పాడు. కరీంనగర్‌లోని ఆఫీసుకు ఇద్దరం కలిసి పోవలసి వచ్చింది.

జగిత్యాల బస్టాండు దగ్గర ఆయన్ను ఎక్కించుకున్నాను. తన కారులో పక్క సీట్లో కూర్చుని, మొదట తలుపు మెల్లిగా మూసి, పడలేదని మళ్లీ గట్టిగా మూశాడు. కొడుక్కు ఇంకా వీసా కుదరలేదట. కొంతదూరం మాట్లాడి ఊరుకున్నాడు. కొండగట్టు దాటాక చూస్తే, ఆయన దారి చూడడం లేదు. వేడి ముల్లునే చూస్తున్నాడు.

"సారూ, ముల్లు పైకి పోతలేదు?"

"లేదు కాకా."

"గ్యాస్కెట్ ఏపిచ్చినవా?"

"బాగుచేశాను" అన్నాను. ప్రశ్నకది జవాబు కాదు. ఆయన కూడా మరి అడగలేదు. గంగాధర దాకా నేను లారీలను దాటడంలో అవసరానికి మించిన శ్రద్ధ చూపించాను.

కరీంనగర్‌లో పని గంటలో అయిపోయింది. ఎదురుగా హోటల్లో చాయ్ తెప్పించాను. ఆయన సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్నాడు. తరగతిలో యాభై మంది ముందు గంటసేపు మాట్లాడేవాణ్ణి, రెండు వాక్యాలు కూడదీసుకోవడానికి చాయ్ అంతా పట్టింది.

"కాకా, పోయింది గ్యాస్కెట్ కాదు. చిన్న ముక్క. 870 రూపాయలయింది."

ఆయన సాసర్ కింద పెట్టాడు. "ఎనిమిది వందల డెబ్బయ్యా?"

"ఔను. అప్పుడే ఆయిల్ పుల్ల చూశాను. గ్యాస్కెట్ బాగానే ఉందని నాకు అనుమానం వచ్చింది."

"సూసినవా?"

"చూశాను."

"సూసి చెప్పలే."

"చెప్పలేదు."

ఆయన తిట్టలేదు. తిడితే నాకు సుఖంగా ఉండేది. తలపాగా తీసి మోకాళ్ల మీద పెట్టుకుని, మళ్లీ చుట్టుకున్నాడు. "మేస్త్రీ గూడ గట్లనే అన్నడు గద" అని నా తరఫున తానే ఒక మాట అన్నాడు. అది ఇంకా బరువైంది.

పక్కనున్న ఏటీఎంలో 12,500 తీసి తెచ్చి ఆయన ముందు పెట్టాను. తగ్గించింది 25 వేలు, అందులో సగం. సగమెందుకంటే, అనుమానమే గాని రూఢిగా తెలియదు గదా అనీ, బేరమన్నాక ఎలాగూ కొంత తగ్గేదేననీ దారిలో నేను వేసుకున్న లెక్క. ఆయన వద్దనలేదు. వద్దనే స్థితి కాదు, నేనూ అలా ఆశించలేదు. తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. అందులోంచి ఒక 500 నోటు తీసి నా వైపు జరిపాడు.

"ఇదేమిటి కాకా?"

"రిపేరుల సగం నాది. 435. మిగిలిన 65 చాయ్‌లకు."

జగిత్యాల రవాణా కార్యాలయంలో కాగితాలన్నీ ఇచ్చి, ఆయన్ను కోరుట్ల బస్సెక్కించి ఇంటికి వచ్చాను. కొన్నాళ్లకు నా పేరుతో కొత్త కార్డు వచ్చింది, ఫైనాన్స్ మచ్చ లేకుండా. దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టి, జరిగిందంతా మా ఆవిడకు చెప్పాను. నా లెక్కా వివరించాను. ఆవిడ బియ్యం ఏరుతూ అంతా వింది.

"రిపేరు ఖర్చులో సగం ఆయన ఎందుకిచ్చాడు?" అంది.

"మర్యాదస్థుడు."

"కాదు. మీరు సగం ఇచ్చారు కాబట్టి ఆయనా సగం ఇచ్చాడు. మొత్తం ఇచ్చి ఉంటే మొత్తం 870 ఇచ్చేవాడు." చేటలో రాయి ఏరి అవతల పారేసి, "చిట్టీ నాది కదా, నన్నొక మాట అడగవలసింది" అంది.

నా దగ్గర జవాబు లేదు. బండి ఏడాదిగా ఇబ్బంది పెట్టలేదు. దాని రిజిస్ట్రేషన్ గడువు 2027 దాకా ఉంది. అప్పుడు పరీక్ష చేయించి అయిదేళ్లకు పొడిగించుకోవచ్చు. వెనక సీట్లో ఆ చీరల ముసుగు ఉంది. ఎండాకాలం కప్పుతున్నాం.

మా ఆవిడ ఈ మధ్య 25 వేల చిన్న చిట్టీ ఒకటి కట్టడం మొదలుపెట్టింది. మొన్న పాట పాడుకుంది. దేనికని అడిగితే చెప్పలేదు. కోరుట్లకు పొద్దున బస్సు ఎన్నింటికని మాత్రం అడిగింది. కారుంది గదా, నేను తీసుకెళతానన్నాను.

"మీరొద్దు లెండి" అంది.